బుర్ర ఒకచోట, ఫైలు ఒకచోట: ఏడీహెచ్‌డీతో ఆఫీసు పని, తరచుగా అడిగే ప్రశ్నలు

నేను అనంతపురంలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేస్తాను. జీఎస్టీ రిటర్నులు, ఇన్‌కం ట్యాక్స్ ఫైళ్లు, బ్యాంకు లోన్లకు ప్రాజెక్టు రిపోర్టులు, ఇదీ మా పని. ముప్పై మూడో ఏట నాకు ఏడీహెచ్‌డీ ఉందని తేలింది, అంటే ఏకాగ్రత నిలవకపోవడం, కుదురులేనితనం, తొందరపాటు ఉండే మెదడు తీరు. అప్పటినుంచి తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు ఫోన్ చేసి దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. చెప్పిందే చెప్పలేక ఒకచోట రాసి పెడుతున్నాను. నేను డాక్టర్‌ని కాను. మందుల గురించి రాసింది అందరికీ తెలియాల్సిన సంగతులు మాత్రమే, మీకు ఏది సరిపడుతుందో మీ డాక్టరే చెప్పాలి. ఆఫీసు పని గురించి రాసింది మాత్రం సొంతంగా దెబ్బలు తిని నేర్చుకున్నది.

ఇది నిజంగా ఉందా, లేక బద్ధకానికి పెట్టిన ఇంగ్లీషు పేరా?

మా మేనమామ ఇప్పటికీ అదే అంటాడు. "మా కాలంలో ఇవన్నీ యాడుండె అప్పా, రెండు తగిలిస్తే అన్నీ సర్దుకునేవి" అని. ఆయన పుట్టకముందు నుంచే ఉంది. 1902లోనే లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టరు ఇలాంటి పిల్లల గురించి ఉపన్యాసాలు ఇచ్చాడు. 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టరు మందు ఇచ్చి చూసి, పిల్లలు చదువు మీద కుదురుగా కూర్చోవడం గమనించాడు. పేర్లు మారుతూ వచ్చి, ఇప్పుడున్న పేరు 1987లో స్థిరపడింది. కవల పిల్లల మీద చేసిన అధ్యయనాలు చూస్తే ఇందులో వంశపారంపర్యం పాలు 70 నుంచి 80 శాతం దాకా ఉంటుంది. మా మామ స్కూటర్ తాళాల కోసం రోజూ ఇల్లంతా వెతుకుతాడని అత్త చెబుతుంది. ఆ మాట ఆయన ముందు ఎత్తకూడదు.

బద్ధకానికీ దీనికీ ఒక తేడా నాకు తెలుసు. బద్ధకంగా ఉన్నవాడికి పని చెయ్యకుండా కూర్చుంటే హాయిగా ఉంటుంది. మనకు ఆ రెండు గంటలూ నరకం. ఏం చెయ్యాలో తెలుసు, ఎట్లా చెయ్యాలో తెలుసు, చెయ్యకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. చెయ్యి మాత్రం కదలదు.

నేను టెన్త్‌లో స్కూల్ ఫస్ట్. ఇంటర్లో 940 వచ్చాయి. నాకు ఇది ఎలా ఉంటుంది?

మార్కులు బాగా వచ్చినంత మాత్రాన ఇది లేదని కాదు. ఇది తెలివి తక్కువ కావడం కాదు.

నేను ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో చదివాను. పొద్దున ఐదుకి బెల్లు. ఐదున్నరకి స్టడీ అవర్. వెనకాల వార్డెన్ తిరుగుతుంటాడు. చుట్టూ అరవై మంది తల వంచుకుని చదువుతుంటారు. వారం వారం పరీక్ష, మర్నాటికి మార్కులు నోటీసు బోర్డు మీద. ఏం చదవాలి, ఎప్పుడు చదవాలి, ఎంతసేపు చదవాలి, ఒక్కటి కూడా నేను నిర్ణయించుకోవాల్సిన పని లేదు. నా బుర్ర చెయ్యలేనివన్నీ ఆ బెల్లూ ఆ వార్డెనూ చేసిపెట్టారు. డిగ్రీకి వచ్చి బయట రూం తీసుకున్నాను. మొదటి ఏడాదే రెండు సబ్జెక్టులు పోయాయి. చెడు సావాసం పట్టాడని ఇంట్లో అనుకున్నారు. సావాసం ఏమీ లేదు, బెల్లు పోయింది, అంతే.

డాక్టర్లు చూసేది మార్కులు కాదు. లక్షణాలు పన్నెండేళ్ల లోపే కనబడ్డాయా, ఇంట్లోనూ బయటా రెండుచోట్లా ఉన్నాయా, వాటివల్ల బతుకు నిజంగా ఇబ్బంది పడుతోందా అని చూస్తారు. పెద్దవాళ్లయితే ఏకాగ్రతకు సంబంధించిన తొమ్మిది లక్షణాల్లోగానీ, కుదురులేనితనం, తొందరపాటుకు సంబంధించిన తొమ్మిదిలోగానీ కనీసం ఐదు ఉండాలి. కుర్చీలో కుదురుగా కూర్చునేవాళ్లకు కూడా ఇది ఉండొచ్చు. పెద్దయ్యాక ఆ కుదురులేనితనం కాళ్లలోంచి తలలోకి పోతుంది. నాకు అట్లే అయింది.

మన ఊళ్లలో ఎవరికి చూపించుకోవాలి?

మానసిక వైద్యుడికి, అంటే సైకియాట్రిస్టుకి. న్యూరాలజిస్టు దగ్గరికి పోయి స్కానింగులు తీయించుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. దీన్ని పట్టుకునే రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ లేదు. మాట్లాడి తెలుసుకోవడమే. అనంతపురం, కర్నూలు, కడప మూడుచోట్లా మెడికల్ కాలేజీలకు చేర్చిన ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. వాటిలో మానసిక వైద్యం ఓపీకి వెళ్లొచ్చు. అనంతపురం వాళ్లం చాలామంది బెంగళూరు నిమ్హాన్స్‌కి కూడా పోతాం. ముందు ఎవరితోనైనా మాట్లాడితే చాలు అనుకుంటే 14416కి ఫోన్ చెయ్యండి. అది 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

పోయేటప్పుడు వీలైతే అమ్మనో అక్కనో తోడు తీసుకెళ్లండి. చిన్నప్పుడు మీరెలా ఉండేవాళ్లో మీకంటే వాళ్లకు బాగా గుర్తుంటుంది. "వీడు ఆరో తరగతిలో మూడు గొడుగులు, రెండు టిఫిన్ బాక్సులు పోగొట్టినాడు సార్" అని మా అమ్మ చెప్పిన ఒక్క మాటకు డాక్టరు పెన్ను తీసి రాసుకున్నారు. పాత ప్రోగ్రెస్ కార్డులు ఉంటే అవి కూడా పట్టుకెళ్లండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ప్రశ్నల పట్టీ ఒకటుంది, అందులో మొదటి ఆరు ప్రశ్నలతో ఎవరికి వాళ్లు చూసుకోవచ్చు. కానీ అది అనుమానం ఉందో లేదో చెబుతుంది, తేల్చి చెప్పదు. థైరాయిడ్ తేడా, నిద్రలో ఊపిరి ఆగే సమస్య, డిప్రెషన్, ఆందోళన, ఇవి కూడా అచ్చం ఇట్లాగే కనబడతాయి. వాటిని ముందు చూడాలి.

మొదటి డాక్టరే సరిగ్గా పట్టుకుంటారన్న గ్యారంటీ లేదు. నేను మొదట వెళ్లిన చోట "పెళ్లయితే అదే సర్దుకుంటుంది" అన్నారు. అప్పటికి నా పెళ్లయి ఐదేళ్లు.

పొద్దున పదికి సీట్లో కూర్చుంటాను. పదకొండున్నర దాకా ఏదీ మొదలుపెట్టలేను. ఏం చెయ్యాలి?

ఎక్కువమంది అడిగేది ఇదే, నాకు బాగా తెలిసిందీ ఇదే.

శెనక్కాయల మండీ ఆయన ఒకాయన నెలనెలా బిల్లులన్నీ ఒక గుడ్డ సంచిలో వేసి, మూతికి పురికొస కట్టి తెచ్చిస్తాడు. ఆ సంచి నా టేబుల్ కింద వారం రోజులు కూర్చునేది. కాలు తగిలినప్పుడల్లా గుండె గుభేలుమనేది. పనుల పట్టీలో "మండీ రిటర్న్" అని రాసుకునేవాణ్ణి. ఆ లైను ఈరోజు పేజీ నుంచి రేపటి పేజీకి, అక్కడినుంచి ఎల్లుండి పేజీకి నడిచిపోయేది. చాలా రోజులకు అర్థమైంది. "మండీ రిటర్న్" అనేది ఒక పని కాదు, ఇరవై పనుల మూట. ఎక్కడ పట్టుకోవాలో తెలియక బుర్ర దాన్ని పక్కన పడేస్తుంది.

ఇప్పుడు పట్టీలో ఇట్లా రాస్తాను: "సంచి ముడి విప్పి టేబుల్ మీద బోర్లించు." అంతే. అది చేతులకు చెప్పిన పని, బుర్రకు చెప్పింది కాదు. బోర్లిస్తే కొనుగోలు బిల్లులు, కాటా చీటీలు, లారీ రసీదులు, డీజిల్ బిల్లులు, ఒకసారి వాళ్ల మనవరాలి చెవులు కుట్టించే కార్డు కూడా, అన్నీ కుప్పగా పడతాయి. కుప్ప కళ్లముందుంటే చెయ్యి ఊరుకోదు. కొనుగోళ్లు ఒకపక్కకి, అమ్మకాలు ఒకపక్కకి పెడతాం. పావుగంటలో సగం పని అయిపోయి ఉంటుంది. మీది స్కూలయినా, సచివాలయమైనా, బట్టల కొట్టయినా అంతే. "రిపోర్టు తయారుచెయ్యాలి" అని రాసుకోవద్దు. "పోయిన నెల రిపోర్టు తెరిచి పైన తేదీ మార్చు" అని రాసుకోండి.

ఇంకోటి, సాయంత్రం లేచేముందు రేపటి మొదటి పని విప్పి పెట్టి వెళ్తాను. పని మధ్యలో ఆపాల్సి వస్తే కావాలనే ఒక బిల్లు సగం ఎక్కించి ఆపుతాను. పొద్దున వచ్చి ఆ సగం బిల్లు చూస్తే పూర్తి చెయ్యకుండా ఉండలేం. పొద్దున మొదటి అరగంట మెయిళ్లు, వాట్సాప్ తెరవకపోతే ఇది బాగా పనిచేస్తుంది. తెరిస్తే ఇంక చెప్పక్కర్లేదు.

వీటన్నిటికంటే బలమైనది పక్కన ఒక మనిషి. దీనికి ఇంగ్లీషులో పెద్ద పేరేదో ఉంది గానీ మనం చిన్నప్పుడే చేశాం, కంబైన్డ్ స్టడీ. పక్కవాడు మనకు ఏమీ చెప్పక్కర్లేదు, వాడి పని వాడు చేసుకుంటే చాలు. మా ఆఫీసులో ఒక జూనియర్ అమ్మాయి సీఏ ఇంటర్‌కి చదువుతోంది. పదింటికి "అన్నా, మొదలుపెడదామా?" అంటుంది. ఆమె ఎంట్రీలు ఆమెవి, నా సంచి నాది. ముప్పావుగంట ఇద్దరం మాట్లాడుకోం. ఇంటినుంచి పనిచేసేవాళ్లు ఎవరితోనైనా వీడియో కాల్ పెట్టుకుని, మైకు ఆపేసి కూర్చోండి. వింతగా ఉంటుంది, పనిచేస్తుంది.

గడువు రోజు నేను పులి. మిగతా రోజులు పిల్లి. అట్లే సాగిపోతే తప్పేముంది?

నేను పదేళ్లు అట్లే సాగాను కాబట్టి ఈ ప్రశ్నకు నవ్వొస్తుంది.

మా లోకంలో నెలంతా తేదీలే. 11కి జీఎస్టీఆర్ 1, అంటే అమ్మకాల లెక్క. 14కి 2బి వస్తుంది, అంటే మనకు సరుకు అమ్మినవాళ్లు ఏం చూపించారో తెలిసే కాగితం. 20కి 3బి, అంటే పన్ను లెక్క చూపించి కట్టే రిటర్ను. 15వ తేదీన కూర్చుని 2బికీ బిల్లులకూ సరిచూసుకుంటే రెండు గంటల పని. నేను 20 రాత్రి ఎనిమిదింటికి మొదలుపెట్టేవాణ్ణి. ముఖ్యమైన పని అన్నంత మాత్రాన మన బుర్ర కదలదు. కొత్తదై ఉండాలి, ఇష్టమైనదై ఉండాలి, లేదా నెత్తిమీదకు వచ్చి ఉండాలి. మెదడులో డోపమిన్, నారడ్రినలిన్ అనే రసాయనాలు నడిచే తీరులో తేడా ఉండడం దీనికి ఒక కారణమని వైద్యులు చెబుతారు. గడువు టెన్షన్ ఆ లోటును కాసేపు పూడుస్తుంది. అందుకే ఆ రాత్రి పులి.

కానీ ఆ రాత్రి రాష్ట్రంలో ఉన్న పులులన్నీ ఒకే పోర్టల్ మీద పడతాయి. అది తిరుగుతూ ఉంటుంది. ఓటీపీ వ్యాపారి ఫోన్‌కి వెళ్తుంది, ఆయన తొమ్మిదిన్నరకే పడుకుంటాడు. ఒక నెల నావల్ల మూడు ఫైళ్లు పన్నెండు రోజులు ఆలస్యమయ్యాయి. లేటు ఫీజు రోజుకి 50 రూపాయల చొప్పున మూడింటికీ కలిపి 1,800. పన్ను మీద 18 శాతం లెక్కన వడ్డీ వేరే. ఆ 1,800 నా జేబులోంచి కట్టాను. మండీ ఆయనకు సంగతి తెలిసి, "మీ సార్‌కి చెప్పొద్దులే అప్పా, నాది నేను కట్టుకుంటా" అన్నాడు. డబ్బు పోయినందుకు కాదు, ఆ మాటకు ఎక్కువ సిగ్గేసింది.

గడువును ముందుకు జరుపుకోమని అందరూ చెబుతారు. 20 బదులు 17 అని క్యాలెండర్లో రాసుకోవడం. నాకు పనిచెయ్యలేదు. అది అబద్ధమని రాసుకున్నవాడికే తెలుసు కదా. పనిచేసింది ఏమిటంటే, 17వ తేదీ సాయంత్రం ఐదింటికి మండీ ఆయన్నే ఆఫీసుకు రమ్మనడం. వచ్చి, చలానా తీసుకుని, అక్కడే ఫోన్ తీసి ఓటీపీ చెప్పి, టీ తాగి వెళ్తాడు. 17 ఇప్పుడు అబద్ధం కాదు, ఒక మనిషి మెట్లెక్కి వస్తున్నాడు. నా పాత బెల్లు ఆయన చెప్పుల చప్పుడు అయింది. మీకు కూడా పెద్ద పని ఏదైనా ఉంటే, సగమైనా సరే ఫలానా రోజు వచ్చి చూపిస్తానని పైవాళ్లకు మీరే చెప్పండి. ఖాళీ చేతులతో పోలేరు.

పది నిమిషాలు అనుకున్నది గంట ఎందుకవుతుంది?

మన ఊళ్లలో "ఐదు నిమిషాల్లో వస్తా" అన్నమాటకు ఎవరూ గడియారం చూసుకోరు, ఆ సంగతి వేరు. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకు టైము గడుస్తున్నది ఒంటికి తెలియదు. రెండు వారాల పాటు ప్రతి పని పక్కన ఎంతసేపు అనుకున్నానో, ఎంతసేపు పట్టిందో రాశాను. నలభై నిమిషాలు అనుకున్న పని గంటా యాభై నిమిషాలు పట్టింది. దాదాపు అన్నిటికీ అదే లెక్క. అందుకని ఇప్పుడు ఎవరికైనా మాటిచ్చేముందు నోటికొచ్చిన దాన్ని రెండున్నరతో గుణిస్తాను. ఎదురుగోడ మీద ముళ్ల గడియారం పెట్టించాను. ఫోన్లో టైము చూస్తే అంకె మాత్రమే కనబడుతుంది, పెద్దముల్లు తిరిగితే ఎంత పోయిందో కంటికి కనబడుతుంది.

పని మధ్యలో ఎవరో ఒకరు పలకరిస్తారు. మళ్లీ దొరకదు.

మా ఆఫీసు తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. "సార్ ఉన్నారా?" అని రోజుకు ముప్పై మంది అడుగుతారు. తల ఎత్తితే చేతిలో ఉన్న లెక్క గాలికి పోతుంది. తల ఎత్తేముందే ఎక్కడున్నానో పక్క చీటీ మీద రాస్తాను: "47వ బిల్లు, ట్యాక్స్ దగ్గర." రెండు సెకన్లు. "ఒక్క నిమిషం, ఈ లైను రాసుకోనీండి" అంటే ఇంతవరకూ ఎవరూ కోప్పడలేదు.

నడుస్తూ నడుస్తూ పనులు చెప్పే పెద్దవాళ్లు ఇంకో సమస్య. మా సార్ చెప్పులేసుకుంటూ మూడు పనులు చెబుతారు, నాకు ఆఖరిది మాత్రమే మిగులుతుంది. ఇప్పుడు గుమ్మం దాకా పుస్తకంతోనే వెళ్తాను. రాసుకుని తిరిగి చదువుతాను: "కోర్టు రోడ్డు పార్టీకి నోటీసు రిప్లై, బ్యాంకు వాళ్లకు ఫోను, రేపటి ఆడిట్ ఫైలు. అంతేనా సార్?" మొదట్లో విసుక్కున్నారు. ఇప్పుడు పుస్తకం కనబడకపోతే ఆయనే అడుగుతారు.

ఏ యాప్ మంచిది?

ఏదైనా రెండు వారాలు మంచిదే. కొత్తదనం పోగానే దాని పని అయిపోతుంది. నేను ఏడు యాప్‌లు మార్చాను, రెండింటికి డబ్బు కూడా కట్టాను, ఒకటి ఇప్పటికీ ఏటా కార్డులోంచి లాగేస్తోందని నా అనుమానం. చివరికి లెక్కల పొడుగు పుస్తకం దగ్గర ఆగాను. కీబోర్డుకు ఎడమపక్క ఎప్పుడూ తెరిచే ఉంటుంది. పోస్టాఫీసులో కట్టినట్టు పెన్నుకు దారం కట్టి ఉంటుంది, లేకపోతే పెన్ను నిలవదు. పేజీ పైన ఈరోజు చెయ్యాల్సినవి మూడే. నాలుగోది రాయాలనిపిస్తే పుస్తకం వెనకపేజీలో రాస్తాను. మూయగానే మాయమయ్యేది ఏదీ నాకు పనికిరాదు, సొరుగుతో సహా.

కొన్నిసార్లు నాలుగు గంటలు తల ఎత్తను. మరి ఏకాగ్రత లేదని ఎలా అంటారు?

ఏకాగ్రత లేకపోవడం కాదు, స్టీరింగ్ మన చేతిలో లేకపోవడం. మార్చి నెలాఖరు హడావిడిలో నేను ఒక ఎక్సెల్ షీటుకు రంగులు, బటన్లు పెడుతూ మధ్యాహ్నమంతా గడిపాను. షీటు చూడముచ్చటగా ఉంది. ఎవరూ అడగలేదు దాన్ని.

దీనికి మా టీ అబ్బాయి మందు. పదకొండుంపావుకీ నాలుగింటికీ గ్లాసు పెట్టి వెళ్తాడు. గ్లాసు చప్పుడైనప్పుడు ఒకటే చూసుకుంటాను: ఇప్పుడు చేస్తున్నది పుస్తకంలో రాసిన ఆ మూడింటిలో ఉందా? ఉంటే కొనసాగిస్తాను. లేకపోతే లేచి టీ బయట నిలబడి తాగుతాను. కుర్చీలోంచి లేవకుండా పని మారడం నావల్ల కాదు.

ఫోన్ సంగతి?

బీరువాలో. ఓటీపీల కోసం ఆఫీసులో ఒక బటన్ ఫోన్ పెట్టుకున్నాం, అందులో చూడ్డానికి ఏమీ లేదు. ఇంటివాళ్లకు ఆ నంబరే ఇచ్చాను.

మందులు వాడాలా? అలవాటు పడిపోతామా?

మన దేశంలో ఎక్కువగా రాసేవి రెండు. మిథైల్‌ఫెనిడేట్ ఒకటి, వేసుకున్న గంటలోపే పనిచేసి కొన్ని గంటల్లో దిగిపోతుంది. ఇది షెడ్యూల్ ఎక్స్ మందు. రెండు ప్రతుల ప్రిస్క్రిప్షన్ ఉండాలి, ఒకటి మందుల షాపువాళ్లు ఉంచుకుంటారు. అన్ని షాపుల్లో దొరకదు కాబట్టి అయిపోవడానికి వారం ముందే చూసుకోవాలి. మతిమరుపు మనుషులకు ఇచ్చే మందును ఇంత గుర్తుపెట్టుకుని తెచ్చుకోవాల్సి రావడం ఒక విచిత్రం. రెండోది ఆటమాక్సెటిన్. ఇది ఉత్తేజపరిచే మందుల జాతి కాదు. రోజూ వేసుకోవాలి, పూర్తిగా పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. అమెరికాలో ఉన్న బంధువులు చెప్పే ఆడరాల్ ఇక్కడ అమ్మరు, తెప్పించుకోవాలని చూడొద్దు.

డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే భయపడాల్సినంత లేదు. చెప్పకుండా పెంచడం, పరీక్షల ముందు స్నేహితుడికి రెండు ఇవ్వడం, ఇవి ప్రమాదం, నేరం కూడా. బీపీ, గుండె దడ, నిద్ర, బరువు చూస్తూ ఉండాలి. గుండె జబ్బు ఉన్నా, ఇంట్లో ఎవరికైనా ఉన్నా మొదటే చెప్పండి. ఆకలి చచ్చిపోతుంది. నేను ముందు ఉగ్గాని, బజ్జీ తిని, తర్వాత మాత్ర వేసుకుంటాను. వరస తప్పితే మధ్యాహ్నం మూడింటికి చేతులు వణుకుతాయి, అప్పుడు గుర్తొస్తుంది పొద్దుటినుంచీ ఏమీ తినలేదని.

ఒక్కటి సూటిగా చెప్పాలి. మాత్ర బుర్రను మేలుకొలుపుతుంది, ఏ పని చెయ్యాలో చెప్పదు. మాత్ర వేసుకుని యూట్యూబ్ తెరిస్తే ఎంతో శ్రద్ధగా యూట్యూబే చూస్తాం. ఇది కూడా అనుభవమే. పెద్దవాళ్ల ఏడీహెచ్‌డీ కోసం మలిచిన సీబీటీ అనే మాటల చికిత్స పనులు సర్దుకోవడానికి బాగా పనికొస్తుంది, మందుతో పాటు అది దొరికితే వదులుకోవద్దు.

టీ, కాఫీతో నెట్టుకురావచ్చా?

కొంచెం ఊతం. మందుకు బదులు కాదు. మిథైల్‌ఫెనిడేట్ మీద ఆరు టీలు తాగితే దడ, చిరాకు. సాయంత్రం నాలుగు దాటాక తాగితే రాత్రి నిద్ర పట్టదు, నిద్ర లేకపోతే మర్నాడు పై ఉపాయాలు ఒక్కటీ పనిచెయ్యవు. ఇక ఏప్రిల్, మే మధ్యాహ్నాలు. మన సీమ ఎండకు మామూలు బుర్రలే కరిగిపోతాయి. ఆ నెలల్లో ఆలోచించాల్సిన పని పన్నెండు లోపే, తర్వాత స్కానింగు, ఫైళ్లకు పేర్లు రాయడం లాంటివి.

ఆఫీసులో చెప్పాలా?

జబ్బు పేరు చెప్పకుండా కావాల్సింది అడిగి చూడండి ముందు. "రాసి ఇస్తే నాకు తప్పులు రావు సార్", "గోడవైపు సీటు ఇస్తే తొందరగా అవుతుంది." వీటికి కారణం ఎవరూ అడగరు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల జాబితాలో ఏడీహెచ్‌డీ విడిగా లేదు. అందువల్ల చట్టం చూపించి సౌకర్యాలు అడగడం కష్టమే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉండాలి. మీ డాక్టరు మీ ఆఫీసుకు చెప్పకూడదు. నేను మా సార్‌కి ఎనిమిది నెలల తర్వాత చెప్పాను. "అందుకేనా ఆ పెన్నుకు దారం" అన్నారు. తోటివాళ్లందరికీ చెప్పలేదు, చెప్పను కూడా. చిన్న ఊరు.

ఒక్క మాట అంటే రోజంతా పోతుంది. ఇదీ అందులో భాగమేనా?

చాలామందికి ఉంటుంది. కోపం, అవమానం ఉప్పెనలా వస్తాయి. చిన్నప్పటినుంచీ "తెలివుంది గానీ శ్రద్ధ లేదు" అని విని విని ఉంటాం కదా, ఎవరేమన్నా పాత పుండు మీదే పడుతుంది. నేను ఆ వేడిలో మెయిలుకు జవాబివ్వను. ఆఫీసు నుంచి గడియారస్తంభం దాకా నడిచి వస్తాను, పదిహేను నిమిషాలు. వచ్చాక కూడా అదే రాయాలనిపిస్తే రాస్తాను. ఎక్కువసార్లు అనిపించదు. రోజుల తరబడి దిగులు వదలకపోతే, చచ్చిపోవాలనిపిస్తే మాత్రం నడకలతో సరిపెట్టుకోవద్దు. 14416కి ఫోన్ చెయ్యండి, డాక్టరును కలవండి.

ఆఫీసు ఎలాగో నెట్టుకొస్తాను. ఇంటికొస్తే వంట, పిల్లల హోంవర్కు, అత్తగారి మందులు. నాకేం చెబుతారు?

కడప నుంచి ఒక బ్యాంకు ఉద్యోగిని అడిగిన ప్రశ్న ఇది. ఆడపిల్లల్లో దీన్ని గుర్తించడం బాగా ఆలస్యమవుతుంది. అల్లరి చెయ్యరు, కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు, టీచరుకు ఇబ్బంది ఉండదు. పెద్దయ్యాక ఇల్లంతా గుర్తుపెట్టుకునే ఉద్యోగం జీతం లేకుండా వాళ్లకే వస్తుంది. నా పుస్తకం ఉపాయం ఆవిడకు చెబితే నవ్వారు. "పుస్తకం ఎవరైనా ఇంకొకరు కూడా చూస్తే కదండీ" అన్నారు. నిజమే. ఇప్పుడు వాళ్లింట్లో ఫ్రిజ్ మీద ఒక తెల్లబోర్డు ఉంది. మాత్రల డబ్బా వారం రోజుల గళ్లది, అది నింపడం వాళ్లాయన పని. హోంవర్కు మీద సంతకం కూడా. సగం పనులు మనిషి మారితేనే తగ్గుతాయి, ఉపాయం మారితే కాదు.

నా కింద పనిచేసే కుర్రాడు ఇలాగే ఉన్నాడు. నేనేం చెయ్యగలను?

కర్నూలులో హార్డ్‌వేర్ షాపు నడిపే ఒకాయన అడిగారు. జబ్బు ఉందో లేదో మీరు తేల్చొద్దు, కుర్రాడితో ఆ పేరు ఎత్తొద్దు. ఐదు పనులు ఒక్కసారి చెప్పకుండా, ఒకటి చీటీ మీద రాసి ఇచ్చి, అది అయ్యాక రెండోది ఇవ్వండి. ఎప్పుడు చూస్తానో టైము చెప్పి, ఆ టైముకు నిజంగా చూడండి. మీరు మరిచిపోతే వాడి బెల్లు పోయినట్టే. స్టాకు లెక్క వాడికి కష్టమైతే కౌంటరు దగ్గర పెట్టి చూడండి.

నెల తర్వాత ఆయన మళ్లీ ఫోన్ చేశారు. పొద్దున షట్టరు ఎత్తగానే చీటీ రాసి వాడి చొక్కా జేబులో పెడుతున్నారట. మధ్యాహ్నానికి చీటీ వెనక్కి వస్తోంది, పని అయినట్టు టిక్కులతో, అక్కడక్కడా గ్రీజు మరకలతో. "వాడు బాగానే ఉన్నాడు అప్పా, నాకే రోజూ రాయడం గుర్తుండట్లేదు" అన్నారు. షట్టరు తాళంచెవికి ఒక చిన్న చీటీల పుస్తకం కట్టుకోమన్నాను.